కుడితి గోళెంలో ఫోను: ఒక జవాను ఇంట్లో తల్లీ కొడుకుల కేస్ స్టడీ

2025 జులైలో ఒక పొద్దున నల్గొండ రామగిరిలోని నా క్లినిక్ తలుపు తీసేసరికే మెట్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. నాలుగేళ్ల బాబు, వాడి తల్లి, నాయనమ్మ. దేవరకొండ వైపు ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చారట. బాబు నాయనమ్మ ఒళ్లో ఉన్నాడు. తల్లి రెండు మెట్లు కింద, గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్నది కేసు కాగితంలో అన్నిటికంటే ముందు రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు పేజీలో మొదటి మాట ఆ రెండు మెట్ల గురించే.

తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేర్లు వాడడం లేదు. బాబును ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటాను.

సంగతంతా నాయనమ్మే చెప్పింది. "డాక్టరమ్మా, వీళ్లమ్మ ఫోను తీస్కపోయి కుడితి గోళెంల ఏసిండు. ఎవ్వలు చూల్లే. బర్రె నీళ్లు తాగుతుంటె అడుగున మెరిసింది. గా కోపంల ఈమె పోరన్ని గొడ్డును బాదినట్టు బాదింది." నిక్కరు పైకి జరిపి చూపించింది. తొడల మీద సన్నగా, జంట గీతల్లా వాతలు. ఛార్జర్ వైరును మడిచి కొట్టిన గుర్తులవి. అప్పటికి ఐదు రోజులైంది. అంగన్‌వాడీ టీచర్ చూసి, "ముందు నల్గొండకు పోయి చూపించుండ్రి" అని పంపింది. ఆ టీచర్ ఊరుకుని ఉంటే ఈ కేసు నా దాకా వచ్చేదే కాదు.

తల్లి ఆ గంటలో ఒక్క మాటే మాట్లాడింది. "కొట్టిన మేడమ్. నేనే కొట్టిన."

మిగతా లక్షణాలు త్వరగా చెప్పేస్తాను. రెండేళ్లుగా మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. రాత్రి మూడింటికి లేచి తల్లి ముఖం తడిమి చూస్తాడు. అంగన్‌వాడీకి పోనని గడప పట్టుకుంటాడు. పగలంతా నాయనమ్మ కొంగు, చీకటి పడితే తల్లి మెడ. తండ్రి వీడియో కాల్ చేస్తే మంచం కింద దూరతాడు. దిష్టి తీశారు, లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తును నేను ముట్టుకోలేదు. నాయనమ్మకు అది ధైర్యం, ఆమె ధైర్యంతో నాకు పని ఉంది.

వాతలు చూశాక మొదట తేల్చుకోవలసింది పిల్లవాడు ఆ ఇంట్లో క్షేమమేనా అన్నది. ఇలాంటి చోట చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలా వద్దా అనే ప్రశ్నను ఏ కౌన్సెలరూ దాటవేయకూడదు. తల్లితో విడిగా గంటసేపు కూర్చున్నాను. అంతకుముందు చెయ్యి చేసుకున్నది లేదు, దాచిపెట్టినదీ లేదు. ఇంట్లో మరో ఇద్దరు పెద్దలున్నారు. కోపం వచ్చినప్పుడు పిల్లవాణ్ని అత్తకు అప్పగించి బయటికి నడిచిపోవడం, వారంలో రెండుసార్లు నాకు ఫోన్ చేయడం, అంగన్‌వాడీ టీచర్ రోజూ పిల్లవాణ్ని చూడడం, ఈ మూడింటికీ ఒప్పించాను. మళ్లీ ఒక్క వాత కనిపించినా ఫిర్యాదు చేస్తానని ఆమె ముఖం మీదే చెప్పాను. ఆమె తలూపింది. "చెయ్యుండ్రి మేడమ్" అంది.

ఇంటి సంగతి

తండ్రికి ఇరవై తొమ్మిదేళ్లు, ఆర్మీలో సిపాయి. ఈ రెండేళ్లుగా జమ్ము వైపు ఫీల్డ్ పోస్టింగ్. మన జిల్లాల్లో మిలిట్రీకి పోయినవాళ్లున్న ఇళ్లకు ఈ మాటలు కొత్త కావు: పీస్ పోస్టింగ్, అంటే ప్రశాంతంగా ఉండే చోట డ్యూటీ అయితే ఫ్యామిలీని తీసుకుపోవచ్చు; ఫీల్డ్, అంటే సరిహద్దు లాంటి చోట అయితే కుదరదు. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. కాగితం మీద అది మూడు నెలలు. ఎప్పుడు దొరుకుతుందో, ఎన్ని ముక్కలుగా దొరుకుతుందో యూనిట్ అవసరాన్ని బట్టి ఉంటుంది.

చిన్నోడు పుట్టింది 2021 మేలో, కరోనా రెండో విడత మధ్యలో. ఆమె కాన్పుకు సూర్యాపేట దగ్గర పుట్టింటికి పోయింది. తొట్టెల నాడు కూడా తండ్రి లేడు. బిడ్డకు ఐదో నెల నిండాక మొదటిసారి చూశాడు. అప్పటి నుంచి నాలుగేళ్లలో తండ్రీ కొడుకులు ఒకే కప్పు కింద ఉన్న రోజులు లెక్కగడితే పది నెలలు దాటలేదు. అయినా బిడ్డ బాగానే పెరిగాడు. మాటలు, నడక, ఆటలు అన్నీ వయసుకు తగ్గట్టే వచ్చాయి. తండ్రి దూరంగా ఉండడమే జబ్బు అయితే అది ఎప్పుడో కనిపించి ఉండాలి. కనిపించింది 2025 మే తర్వాతే.

ఆ ఏప్రిల్లో ఆయన చెల్లెలి పెళ్లికి లీవు మీద వచ్చాడు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. వెంటనే రమ్మని యూనిట్ నుంచి ఫోను. ఆ రాత్రే బ్యాగు సర్దుకున్నాడు. "లేస్తే ఏడుస్తడు, పోనియ్యడు" అని పిల్లవాడు నిద్రలో ఉండగానే వెళ్లిపోయాడు. పొద్దున లేచి "డాడీ ఏడి?" అంటే తల్లి, "దుకాణం కాడికి పోయిండు, చాక్లెట్ తెస్తడు" అంది.

చిన్నోడు మూడు రోజులు గేటు దగ్గర కూర్చున్నాడు. బువ్వ అక్కడికే తెమ్మన్నాడు.

అదే మూడు రోజులు లోపల టీవీ ఆగకుండా నడిచింది. ఫోను కలవలేదు. తల్లి అన్నం ముట్టలేదు. పదో తేదీ సాయంత్రం కాల్పుల విరమణ అని వార్త వచ్చినా ఆమె టీవీ కట్టేయలేదు. 2020 జూన్ 15న చైనా సరిహద్దులోని గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పుడు ఆమె సూర్యాపేటలోనే ఉంది, పెళ్లై అప్పటికి ఏడాది. ఊరు ఊరంతా రోడ్డు మీదికి రావడం కళ్లారా చూసింది. ఇప్పటికీ పుట్టింటికి పోయేటప్పుడు బస్సు ఆయన విగ్రహం ఉన్న చౌరస్తా దగ్గరికి రాగానే చిన్నోడి తలను ఒళ్లోకి అదుముకుంటుందట. "ఆ సారు మీద గౌరవం లేక కాదు మేడమ్. వాడు చూసి ఎవలని అడుగుతడేమో అని." ఈ మాట మూడోసారి వచ్చి కూర్చున్నప్పుడు చెప్పింది. అప్పటిదాకా ఆమె మనసులో ఏం నడుస్తోందో అత్తింట్లో అడిగినవాళ్లు లేరు. పత్తికి కలుపు తీయాలి, కడుతున్న ఇంటికి బ్యాంకు కిస్తీ పోవాలి, బర్రెను చూడాలి. జవాను భార్య అంటే ధైర్యంగా ఉండాలె అని అందరూ అన్నారు.

డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగితే 27కి 16 వచ్చింది. పది, అంతకు మించి వస్తే పట్టించుకోవాలి. సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. మొదట మందు వద్దంది, మూడు వారాలకు ఒప్పుకుంది.

నేను తప్పు చదివిన చోట

మొదటి రెండు సార్లు నేను ఈ కేసును "తండ్రి మీద బెంగ"గా రాసుకున్నాను. ఫోను విసిరేశాడు, అంటే తండ్రి మీద కోపం. సులువుగా అతుకుతుంది. ఇంటివాళ్లూ అదే అన్నారు.

మూడోసారి చిన్నోడు నా బొమ్మల బుట్ట దగ్గర కూర్చున్నాడు. ఒక చిన్న ఇల్లు, మనుషుల బొమ్మలు, ఆట ఫోను. "ట్రింగ్ ట్రింగ్" అని వాడే అన్నాడు. అమ్మ బొమ్మను తీసి ఇంటి పైకప్పు మీద పెట్టాడు. పిల్లవాడి బొమ్మను ఖాళీ డబ్బాలో వేసి మూత పెట్టాడు. కొంచెం ఆగాడు. మళ్లీ "ట్రింగ్ ట్రింగ్". మళ్లీ అమ్మ పైకప్పు మీదికి. తండ్రి బొమ్మ బుట్టలోనే ఉంది. వాడు దాని జోలికే పోలేదు.

వాళ్ల ఇంట్లో సిగ్నల్ దాబా మీదే వస్తుంది. ఫోను మోగగానే తల్లి చేతిలో పని వదిలేసి మెట్లెక్కి పరుగెత్తుతుంది. వాడు వెంట వస్తే పడిపోతాడని కింద తలుపు గడియ పెడుతుంది. నాలుగైదు నిమిషాలు మాట్లాడుతుంది, కిస్తీ గురించి, అత్త గురించి, "జాగ్రత్త" అని. చివర్లో టైం ఉంటే "డాడీకి హాయ్ చెప్పు" అని ముఖం ముందు పెడుతుంది. కాల్ అయ్యాక కళ్లు తుడుచుకుంటూ దిగి, గోడకు తిరిగి పడుకుంటుంది. ఇంకో రెండు గంటలు ఆమె ఇంట్లో ఉన్నా లేనట్టే.

చిన్నోడు విసిరేసింది అమ్మను తీసుకుపోయే వస్తువును.

అమెరికాలో పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల్లో, వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలను చూసి ఒక సంగతి చెప్పింది. మనిషిని పోగొట్టుకోవడం రెండు రకాలుగా తేలకుండా ఉండిపోతుంది. మనిషి కళ్ల ముందు లేకున్నా ఇంటినిండా ఉండడం ఒకటి. మనిషి కళ్ల ముందే ఉండి మనసు ఇంకెక్కడో ఉండడం రెండోది. ఈ ఇంట్లో రెండూ ఒకేసారి ఉన్నాయి. మొదటిది తండ్రి, రెండోది తల్లి. పెద్దలమంతా మొదటి దాని గురించే మాట్లాడుతున్నాం. పిల్లవాడు రెండో దాన్ని చూపిస్తున్నాడు.

చంటిబిడ్డ ముందు తల్లి రెండు మూడు నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో కూర్చుంటే ఏమవుతుందో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ అదే దశాబ్దంలో చూపించాడు. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. పగలు తల్లిని వదిలి నాయనమ్మ కొంగు పట్టుకున్న చిన్నోడు ఆ చివరి మెట్టులో ఉన్నాడు. దాన్ని చూసి తల్లి, "వాడికి నేను అక్కర్లే" అనుకుంది. అత్త, "నీకు పిల్లగాన్ని చూసుడు చాతకాదు" అని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

కొట్టడం గురించి కూడా ఒక మాట. అమెరికా సైనిక కుటుంబాల్లో, పిల్లల పట్ల నిర్లక్ష్యమో హింసో ఒకసారైనా నమోదైన ఇళ్లనే తీసుకుని చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. భర్త యుద్ధానికి వెళ్లిన రోజుల్లో, ఇంట్లో ఉన్న తల్లుల చేతుల్లో పిల్లలు నిర్లక్ష్యానికి గురైన రేటు దాదాపు నాలుగింతలు, దెబ్బలు తిన్న రేటు దాదాపు రెండింతలు ఉన్నాయని తేలింది. 2010లో మరో అధ్యయనం, అమ్మో నాన్నో యుద్ధానికి పోయినప్పుడు మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు మానసిక, ప్రవర్తన సమస్యలతో ఆసుపత్రికి రావడం 11 శాతం పెరిగిందని చెప్పింది. వాళ్ల కుటుంబాల తీరు వేరు, మన ఉమ్మడి ఇళ్ల తీరు వేరు. ఆ అంకెలను తెచ్చి మన తల్లుల మీద రుద్దడం లేదు. ఆ ఛార్జర్ వైరు ఒక చెడ్డ తల్లి చేతిలో మాత్రమే ఉంటుందని అనుకునేవాళ్ల కోసం ఈ లెక్క చెబుతున్నాను.

ఏడు సెకన్లు

వైద్యంలో ఎక్కువ భాగం నేల మీదే జరిగింది. రోజుకు పదిహేను నిమిషాలు, ఫోను ఇంకో గదిలో పెట్టి, తల్లి చిన్నోడి పక్కన నేల మీద కూర్చోవాలి. ఏం ఆడాలో వాడే చెప్తాడు. ఆమె నేర్పకూడదు, ప్రశ్నలు వేయకూడదు, దిద్దకూడదు. వాడు చేసేది చూస్తూ, ఆ చూసింది మాటల్లో చెబుతుండాలి. వినడానికి చిన్న పని. నిద్ర లేక, మనసు బాగాలేక ఉన్న మనిషికి అది పత్తి చేనంత పని. మొదటి వారం నాలుగు రోజులే చేయగలిగింది. నాలుగు చాలని చెప్పాను.

ఆగస్టులో క్లినిక్‌లో వాళ్లిద్దరూ ఆడుతుంటే ఐదు నిమిషాలు వీడియో తీసి, తర్వాత తల్లి ఒక్కదాన్నే కూర్చోబెట్టి చూపించాను. బంకమట్టితో చిన్నోడు రొట్టె చేశాడు. మూడో నిమిషంలో దాన్ని రెండు చేతులతో తీసుకొచ్చి తల్లి మోకాలి ముందు పెట్టాడు. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అప్పుడు కిటికీ వైపు చూస్తోంది. వాడు చూస్తూనే ఉన్నాడు. రొట్టెను వేలితో కొంచెం ఇటు జరిపాడు. మళ్లీ ముఖం చూశాడు. తర్వాత రొట్టెను వెనక్కి తీసుకుని, ముద్దగా నలిపి పక్కన పెట్టాడు. మొత్తం ఏడు సెకన్లు.

ఆమె ఇంకోసారి పెట్టమంది. నాలుగుసార్లు చూసింది.

"నాకోసమే తెచ్చిండు గదా మేడమ్."

వాడికి అమ్మ అక్కర్లేదన్న మాట ఆమె నోట మళ్లీ నేను వినలేదు. సలహాలు ఎన్ని చెప్పినా దిగనిది, తన బిడ్డ తన ముఖం కోసం ఎదురుచూడడం తానే చూస్తే దిగింది. ఆ తర్వాత తీసిన వీడియోల్లో ఆమె చూపు అందుకున్న క్షణాలనే ఏరి చూపించాను. తప్పులు చూపించడం ఆ ఒక్కసారితో ఆపేశాను.

ఫోను పద్ధతి కూడా మార్చాం. కాల్ వస్తే చిన్నోణ్ని చంకనేసుకునే దాబా ఎక్కాలి. మొదటి రెండు నిమిషాలు వాడివి, మాట్లాడినా మాట్లాడకపోయినా సరే, హాయ్ చెప్పమని బలవంతం లేదు. తర్వాత "నేను డాడీతో మాట్లాడి నీ దగ్గరికొస్త" అని చెప్పి పక్కన కూర్చోబెట్టుకోవాలి. కాల్ అయ్యాక ఏ పనికంటే ముందు వాణ్ని ఎత్తుకోవాలి. ఏడుపు వస్తే దాచకుండా, "డాడీ యాదికొచ్చి ఏడుస్తున్న, నీ మీద కోపం లేదు" అని చెప్పాలి. కిస్తీల సంగతి మెసేజ్‌లో పెట్టుకోవాలి. ఆఖరిది కష్టమైంది, మామగారు అడ్డుపడ్డారు. ఆయన వేరుగా కొడుకుతో మాట్లాడేట్టు ఒప్పుకున్నాక సర్దుకుంది.

నాయనమ్మను పక్కకు నెట్టలేదు. ఆ నాలుగు నెలలు బిడ్డను నిలబెట్టింది ఆమె కొంగే. ఆమెను అడిగింది ఒకటే: వాడు ఏడిస్తే ఎత్తుకుని తల్లి దగ్గరికి తీసుకుపో, తల్లి దగ్గర్నుంచి తీసుకురాకు. బతుకమ్మకు ఆమే గునుగు, తంగేడు పువ్వు కోయడానికి తల్లీ కొడుకులను మాత్రమే చెలకకు పంపింది. అది నేను చెప్పింది కాదు, ఆమెకే తోచింది.

నా వల్ల జరిగిన నష్టం ఒకటి ఇక్కడ రాయాలి. దసరాకు లీవు ఖాయమని తండ్రి చెప్పగానే, సీసాలో చింతగింజలు వేసి రోజుకొకటి తీయమన్నాను. సీసా ఖాళీ అయ్యేసరికి డాడీ వస్తాడని. ఆరు గింజలు మిగిలి ఉండగా లీవు వాయిదా పడింది. చిన్నోడు సీసాను వాకిట్లో బోర్లించి, ఆ రాత్రి మళ్లీ పక్క తడిపాడు. పెద్దవాళ్లు చెప్పే మాట నిలవదని వాడు గేటు దగ్గర ఒకసారి నేర్చుకున్నాడు, నేను రెండోసారి నేర్పాను. సైనికుల పిల్లలకు తేదీ మీద ఆశ పెట్టి రోజులు లెక్కపెట్టించకండి. తర్వాత అదే సీసాను తిరగేసి వాడాం. రోజుకొక గింజ లోపల వేస్తూ, "ఇయ్యాల డాడీకి చెప్పాల్సిన ముచ్చట" అని ఒకటి చెప్పుకోవడం. నిండడానికి గడువు లేదు.

డిసెంబరు, ఆ తర్వాత

డిసెంబరు రెండో వారంలో తండ్రి వచ్చాడు, 28 రోజులకు. తిరిగి రావడమే సంబురమని అందరూ అనుకుంటారు గానీ, తల్లీ బిడ్డలు అప్పుడే కుదురుకున్న ఇంట్లోకి మూడో మనిషి రావడం పిల్లవాడికి చిన్న విషయం కాదు. మొదటి రాత్రే తల్లికీ తండ్రికీ మధ్యన అడ్డంగా పడుకున్నాడు. తండ్రి గట్టిగా లేపి పక్క మంచం మీద వేశాడు. రెండు రోజులు ఇల్లంతా ఏడుపే.

నా దగ్గరికి ఒక్కడే వచ్చాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని అన్నాడు: "మేడమ్, ఆడ పోస్టుల పదిమంది నా మాట ఇంటరు. ఈడ వీడొక్కడు ఇనడు." తొట్టెల నాటి ఫోటోలు ఫోన్లోనే చూశానని, ఫోను గోళెంలో వేశాడని విన్న రోజు డ్యూటీలో ఎవరితోనూ మాట్లాడలేదని చెప్పాడు. వాడు విసిరేసింది మీ మీద కోపంతో కాదని బొమ్మల ఆట సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు ఇచ్చిన పని ఒకటే, పొద్దున చిన్నోణ్ని బర్రె దగ్గరికి తీసుకుపోవడం, రోజూ, తిరిగి వెళ్లే దాకా. రాత్రి పక్క సంగతి తల్లికి వదిలేయమన్నాను. పదో రోజుకు చిన్నోడు మధ్యలోంచి గోడ వైపుకు తనంతట తానే జరిగాడు.

వెళ్లే రోజు పట్టపగలు, అందరూ మేల్కొని ఉండగా వెళ్లాలన్నది నేను పట్టుబట్టిన షరతు. దేవరకొండ బస్టాండులో చిన్నోడు తండ్రి బూటు పట్టుకుని గుక్కతిప్పుకోకుండా ఏడ్చాడు. జనం చూస్తున్నారని మామగారు ఊరుకోబెట్టబోతే, తల్లి "ఏడ్వనీ మామ" అని అడ్డుకుందట. బస్సు కదిలాక వాడు తల్లి వైపు తిరిగి చేతులు చాపాడు. నాయనమ్మ పక్కనే ఉంది. ఇది నాకు ఫోన్లో చెప్పింది నాయనమ్మే, రెండుసార్లు చెప్పింది.

ఫిబ్రవరి నాటికి తల్లి పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. మందు ఇంకా నడుస్తోంది. చిన్నోడు పక్క తడపడం ఆగింది. రాత్రి లేవడం వారానికి ఒకటి రెండుసార్లు ఉంది, లేస్తే తల్లి చెయ్యి పట్టుకుని మళ్లీ పడుకుంటాడు. కొత్త వాతలేవీ లేవని అంగన్‌వాడీ టీచర్ నెలనెలా చెబుతూనే ఉంది. ఇద్దరికీ కలిపి ఇప్పటికి 14 సార్లు కూర్చున్నాం.

ఇప్పుడు ఇంట్లో కొత్త వాదన. ఫీల్డ్‌లో ఉన్న జవాన్ల కుటుంబాలకు ఆర్మీ వేరే క్వార్టర్లు ఇస్తుంది, సికింద్రాబాద్‌లో దరఖాస్తు పెడదామని తండ్రి అంటున్నాడు. పక్కన అవే కష్టాలు పడే ఆడవాళ్లుంటారు, చిన్నోడికి బడి ఉంటుంది. నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. తల్లి నన్ను అడిగింది, ఏం చేయమంటరు మేడమ్ అని. ఈ నెల ఆఖరుకు ముగ్గురినీ రమ్మన్నాను, తండ్రిని ఫోన్లో కలుపుకుంటాం. చిన్నోడికి ఆ రోజు బంకమట్టి కావాలట.